వేసిన చేత్తోనే తీయాలి

మా అన్నయ్య చేతికి లొంగని తాళం మా ఊళ్ళో లేదు. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు, కడుపు మండి చెబుతున్నాను. అలాంటి మనిషి తన సొంత కొట్టు ముందు, బజారులో అన్నిటికంటే చవకగా దొరికే ఒక రేకు తాళం ముందు, వానాకాలమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చేతకాక కాదు. తీయకూడదని.

మా కొట్లు రెండూ పక్కపక్కనే ఉంటాయి. అన్నయ్యది మేడమెట్ల కింద ఉన్న చిన్న గది. దాన్ని ఆనుకున్న ఇంకా చిన్న గదిలో నేను మిషను కుడతాను. మధ్య గోడ ఎంత పల్చనంటే, అటు ఆకురాయి గీసుకుంటుంటే ఇటు నా పళ్ళు పులుస్తాయి. అన్నయ్య మాటకారి కాదు. తాళం చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, సన్నటి ఇనుప పుల్లతో లోపల తడుముతూ కూర్చుంటాడు. "ఆయన తాళంతో చెప్పుకునే కబుర్లలో సగం నాతో చెప్పుకున్నా నా బతుకు బాగుపడేది" అని వదిన దెప్పుతూ ఉంటుంది.

ఆయనకి ఒక పట్టింపు ఉంది. బయటికి వెళ్ళి ఎవరి తలుపు తీయాల్సి వచ్చినా, ముందు తలుపు తట్టి "లోపల ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా అడుగుతాడు. తర్వాత పక్కింటివాళ్ళని పిలిచి, తీయమంటున్న మనిషిది ఆ ఇల్లేనా అని అడుగుతాడు. వాళ్ళు ఔనంటేనే సంచీ విప్పుతాడు. ఆయనకి పని నేర్పిన ముసలాయన ఎవడి మాటో నమ్మి ఎవరి ఇల్లో తెరిచి, చేయని దొంగతనానికి జైలుకి వెళ్ళి వచ్చాడట. అప్పటినుంచి తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ ముందు ఈ సాక్షి సంగతే నేర్పాడట, తాళం సంగతి ఆ తర్వాతే.

ఈ పట్టింపుతో అన్నయ్య అందరి ప్రాణాలూ తోడేశాడు. ఒకసారి వదినే ఇంటి తాళంచెవి పారేసుకుని కూరగాయల సంచీతో గుమ్మంలో నిలబడింది. అన్నయ్య వచ్చి, పక్కింటావిడని పిలిచి, "ఈ ఇల్లు ఈవిడదేనా అండీ?" అని అడిగాడు. వదిన కళ్ళు ఎర్రబడ్డాయి.

"నేను మీ పెళ్ళాన్నండీ!"

"నాకు తెలుసు. అడగడం అలవాటు తప్పకూడదని."

పక్కింటావిడ నవ్వాపుకోలేక "ఏమో బాబూ, నేనెప్పుడూ చూడలేదు" అంది. ఆ పూట వదిన అన్నం వడ్డించలేదు. నేను వడ్డిస్తే తిన్నాడు.

ఇంకోసారి ఒక ఇంటి యజమాని వచ్చాడు. అద్దెకున్నాయన పనికి వెళ్ళిన సమయం చూసి గది తీయించుకుందామని ఆయన ఎత్తు. "ఇల్లు నాదయ్యా!" అని గుండెలు బాదుకున్నాడు. "ఇల్లు మీదేనండి, తాళం ఆయనది" అని అన్నయ్య మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు. ఆ యజమాని మా గుమ్మంలో ఉమ్మేసి పోయాడు. అది కడిగింది నేను. కాబట్టి ఈ పట్టింపుల ఖరీదు ఏమిటో నాకు ముందే తెలుసు.

మా వీధి చివర టీచరమ్మ ఇల్లు. ఆవిడ బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి, ఒక్కతే ఉంటుంది. ఆ ఇంటి వెనక పెద్ద అంగళ్ళ భవనం లేస్తోంది. దానికి వీధిలోకి దారి కావాలంటే టీచరమ్మ పెరట్లోంచే పోవాలి. ఆవిడ అమ్మనంది. అమ్మననడంతో ఊరుకోకుండా, మురుగుకాలవ మీద గోడ కట్టడానికి వీళ్ళకి ఎవరు ఒప్పుకున్నారో చెప్పండి అంటూ మునిసిపాలిటీకి అర్జీల మీద అర్జీలు పెట్టింది. ఆ అర్జీలు వెళ్ళి చేరేది మా వార్డు అధికారి బల్ల మీదికి. ఏం అడిగినా "చూద్దాం" అంటాడు కాబట్టి వీధి ఆయనకి చూద్దాం సారు అని పేరు పెట్టింది. భవనం కడుతున్నది ఆయన బావమరిది. ఇక ఏం చూస్తాడో మీరే చెప్పండి!

టీచరమ్మ చెల్లెలికి ఆపరేషను జరిగితే చూసుకోవడానికి ఆవిడ పక్క ఊరు వెళ్ళింది. అదే అదను. ఒక ఉదయం చూద్దాం సారు జీపు మా కొట్టు ముందు ఆగింది. వెంట నలుగురు కూలీలు.

"సంచీ తీసుకుని రా. టీచరు ఇంటి తాళం తీయాలి" అన్నాడు అన్నయ్యతో.

"ఆవిడ ఊళ్ళో లేదు కదా సార్."

"ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. లోపల తనిఖీ చెయ్యాలి."

"ఖాళీ చేసేవాళ్ళు గుమ్మం ముందు కుండీలకి నీళ్ళు పోయమని మా చెల్లికి చెప్పి వెళ్తారా సార్?"

నేను మిషను ఆపి గుమ్మంలోకి వచ్చాను. ఆ నీళ్ళు పోస్తున్నది నేనే.

సారు మొహం మారింది. "నిన్ను సలహా అడగలేదు. తాళం తియ్యమన్నాను."

"ఆవిడైనా ఉండాలి, కోర్టు ఆర్డరైనా ఉండాలి. ఉంటే చెప్పండి, పక్కింటివాళ్ళని పిలిచి వాళ్ళ ఎదురుగా తీస్తాను."

"ప్రభుత్వమే నీ ముందు నిలబడి అడుగుతుంటే ఇంకా ఆర్డరేంటయ్యా?"

"మీరు ప్రభుత్వం కాదు కదా సార్. అందులో పనిచేస్తారు."

అన్నయ్య ఎగతాళిగా అనలేదు. తప్పు తాళంచెవి తెచ్చినవాళ్ళకి ఇది కాదండి అని చెప్పినట్టే చెప్పాడు. కానీ ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వే మా కొంప ముంచింది. సారు చెవులు కందిపోయాయి. "సరే, చూద్దాం" అని జీపెక్కాడు.

ఆ చూడటం ఎలా ఉందంటే, కాసేపటికే టీచరమ్మ తలుపు మీద గునపం దెబ్బలు మా కొట్టు దాకా వినిపించాయి. తాళం ఊడలేదు. గట్టి తాళం, అన్నయ్యే బిగించింది. అందుకని తలుపు చెక్కే చీల్చారు. ఆవిడ పుస్తకాలు, పరుపు, గిన్నెలు పెరట్లోకి విసిరేశారు. వాన మొదలైంది. నేను వెళ్ళి అరిచాను. అరవడం నాకు బాగా వచ్చు. మా వీధిలో ఎవరినైనా అడగండి. ఒక కూలీ తలవంచుకుని "మాదేముందమ్మా, చెప్పిన పని చేస్తున్నాం" అన్నాడు. చుట్టుపక్కల కిటికీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. నాకు ఆ గునపం కంటే ఆ కిటికీల మీదే ఎక్కువ ఒళ్ళు మండింది. తడిసిన పుస్తకాలు చేతనైనన్ని మోసుకొచ్చి మా కొట్లో ఆరబెట్టాను.

మర్నాడు అన్నయ్య కొట్టు తీయడానికి వెళ్ళేసరికి షట్టరుకి ఆయన తాళం పక్కన ఇంకో తాళం వేలాడుతోంది. దానికి గుడ్డ చుట్టి, లక్క అంటించి, మీద మునిసిపాలిటీ ముద్ర కొట్టారు. సీలు వేశారు. ముందుగా ఒక్క మాట లేదు, ఒక్క నోటీసు లేదు. మునిసిపాలిటీ ఆఫీసుకి పరిగెత్తుకెళ్ళి అడిగితే గుమస్తా తల ఎత్తకుండా చెప్పాడు.

"దొంగలకి మారు తాళంచెవులు చేసిస్తున్నాడని ఫిర్యాదు వచ్చింది. ప్రజల భద్రత కోసం సీలు వేశాం."

"ఎవరిచ్చారు ఫిర్యాదు?" అన్నాను.

"అది చెప్పకూడదు."

"ఏ దొంగ? ఎవరింట్లో పడ్డాడు?"

"అది విచారణలో తేలుతుంది."

"విచారణ ఎప్పుడు?"

"చూద్దాం" అన్నాడు. ఆఫీసు ఆఫీసంతా అదే మాట నేర్చుకుంది!

ముందు శిక్ష, తర్వాత ఎప్పుడో విచారణ. ఇంట్లో చిన్నపిల్లాడు గ్లాసు పగలగొట్టాడని అనుమానం వచ్చినా, చెయ్యెత్తే ముందు "నువ్వేనా?" అని ఒక్కసారి అడుగుతాం. మా అన్నయ్యని ఆ మాత్రం కూడా ఎవరూ అడగలేదు.

ఇక ఆ తాళం సంగతి. రేకు తాళం. లోపల పట్టుమని నాలుగు పళ్ళయినా ఉండవు. అన్నయ్య పని నేర్చుకునే రోజుల్లో ఆడుకోవడానికి ఇచ్చే రకం. కళ్ళు మూసుకుని జడపిన్నుతో తీయగలడు. వీధంతా అదే మాట. "నీ చేతిలో పనే కదయ్యా, తీసి పారెయ్యి!" అని చెప్పనివాడు పాపాత్ముడు. అన్నయ్య నవ్వేవాడు కాదు, కోప్పడేవాడు కాదు. షట్టరు ముందు కాసేపు నిలబడి, ఇంటికి వచ్చేసేవాడు.

ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద ఒక కానిస్టేబులు పొద్దస్తమానం కూర్చోవడం మొదలుపెట్టాడు. టీ కొట్టు బాబాయి నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు.

"వాడు టీ కోసం రావట్లేదమ్మా. మీ అన్న ఆ సీలు మీద చెయ్యి వెయ్యగానే పట్టుకుని లోపల వేద్దామని కాపు కాస్తున్నాడు. ప్రభుత్వ సీలు పగలగొట్టాడంటే ఇక బయటికి రాడు. పైగా తాళాలాయన కదా, దొంగ అని ముద్ర వేయడం ఎంతసేపు!"

అప్పుడు అర్థమైంది ఆ రేకు తాళం ఎందుకు వేశారో. అది అన్నయ్య తీయాలనే వేసిన తాళం. ఎలకల బోనులో పెట్టే కొబ్బరిముక్క లాంటిది.

కొట్టులోనే ఆయన పనిముట్లన్నీ ఉండిపోయాయి. బాగుచేయమని జనం ఇచ్చిన తాళాలు, పెట్టెలు కూడా లోపలే. వాళ్ళొచ్చి మా మీద పడేవాళ్ళు. "మా బీరువా తాళం నువ్విస్తావా, నీ సీలు ఇస్తుందా?" అని ఒకావిడ నా మిషను దగ్గరకొచ్చి చేతులు తిప్పింది. అడిగి తెచ్చుకున్న పనిముట్లతో బయట పని చేద్దామన్నా పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. దొంగలకి తాళంచెవులు చేసిస్తాడట అన్న మాట మా కంటే ముందే గుమ్మాలెక్కింది. ఏళ్ళ తరబడి సాక్షి లేకుండా ఒక్క తలుపు ముట్టుకోని మనిషికి ఆ పేరు! నాలుగు నోళ్ళకీ అన్నం పెట్టేది నా మిషనొక్కటే అయింది. మా నాలుగో నోరు అన్నయ్య కూతురు. అది కాలేజీకి వెళ్తుంటే వెనక నుంచి ఎవరో "మా ఇంటి తాళంచెవి ఉందా?" అన్నారట. ఇంటికొచ్చి చెప్పలేదు. ఏడ్చిన మొహం చూసి నేనే కక్కించాను.

ఆ సంగతి తెలిశాక వదిన ఆగలేదు. కానిస్టేబులు భోజనానికి లేచిన వేళ, జోరున వాన కురుస్తుంటే, కొంగు నెత్తిన వేసుకుని షట్టరు ముందు గొంతుక్కూర్చుంది. చేతిలో జడపిన్ను. అన్నయ్యతో ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకీ నాలుగు విద్యలు అబ్బాయి. ఇంకో క్షణం ఉంటే తీసేసేదే. అన్నయ్య ఎక్కడి నుంచి చూశాడో, పరిగెత్తుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని లేపి ఇంటికి లాక్కొచ్చాడు. టీ కొట్టు వెనక గోడ చాటున ఆ కానిస్టేబులు ఉన్నాడని మాకు తర్వాత తెలిసింది. భోజనమూ లేదు, గీజనమూ లేదు.

ఇంట్లో ఆ రోజు జరిగినంత గొడవ మా ఇంటి చరిత్రలో లేదు.

"మన కొట్టండీ అది! మన కొట్లోకి మనం వెళ్ళడానికి ఎవడి పర్మిషను కావాలి?" అంది వదిన.

"ఎవడిదీ అక్కర్లేదు."

"మరి తీయరేం? భయమా?"

అన్నయ్య చేతిలో ఉన్న స్టీలు గ్లాసు గోడకేసి కొట్టాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు అంతవరకూ తెలియదు.

"భయం కాదే, కోపం! నీకంటే ఎక్కువ కోపం! నేను తీస్తాను. వాడు మళ్ళీ వేస్తాడు. మళ్ళీ తీస్తాను, ఈసారి పెద్దది వేస్తాడు. చచ్చేదాకా నేను తీస్తూ, వాడు వేస్తూ ఉండాలా? తాళం తీసేవాళ్ళు నాకక్కర్లేదు. ఆ పని నాకొచ్చు. అసలు వెయ్యడానికి నువ్వెవడివిరా అని వాణ్ణి అడిగేవాళ్ళు కావాలి నాకు! ఊరందరి ముందూ అడగాలి!"

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు అన్నయ్య మీదే ఎక్కువ మండింది. ఇంట్లో పిల్ల ఏడుస్తుంటే ఈయనకి ఊరందరి ముందూ అడిగించాలట! సొట్టపడిన గ్లాసు తీసి అలమరలో పెట్టాను. వదిన మూలన కూర్చుని తడిసిన కొంగు పిండుకుంటోంది.

ఆ వారంలోనే టీచరమ్మ తిరిగొచ్చింది. చీలిన తలుపు, పెరట్లో కుళ్ళిన పరుపు చూసి, తిన్నగా మా ఇంటికే వచ్చింది. మేం ఓదార్పు మాటలు కూడబలుక్కుంటున్నాం. ఆవిడ అన్నయ్య మీద విరుచుకుపడింది.

"ఏమయ్యా, నీ నీతికి నా తలుపే దొరికిందా? నువ్వు తీసి ఉంటే కనీసం చెక్క మిగిలేది! ఎలాగూ వాళ్ళు లోపలికి వచ్చేవాళ్ళే. ఇప్పుడు తలుపు లేని ఇంట్లో ఒంటరి ముసల్దాన్ని ఎలా పడుకోను?"

అన్నయ్య మొహం చూడలేక నేనే అందుకున్నాను. "టీచరమ్మా, మీ తలుపు తీయనన్నందుకే మా కొట్టు మూశారు!" ఆవిడకి ఆ సంగతి తెలియదు. కాసేపు మా ముగ్గురి మొహాలూ చూసి, స్టూలు లాక్కుని కూర్చుంది. లేచేటప్పుడు "పదండి, నాకు తెలిసిన ప్లీడరు ఉంది" అంది.

సైకిలు కొట్టు మీద ఇరుకు గదిలో ఉంటుంది ఆ ప్లీడరమ్మ. ఫ్యాను తిరిగేది కాదు. అంతా విని అన్నయ్యని అడిగింది.

"మీ మీద ఉన్న ఆరోపణ ఏమిటో మీకు చెప్పారా?"

"గుమస్తా నోటితో అన్నాడండి."

"మీ మాట విన్నారా?"

"లేదు."

"సీలు వేయమని ఎవరైనా సంతకం పెట్టిన ఆర్డరు చూపించారా?"

"లేదు."

"అయితే మీ కేసు ఇంతే. మీరు మంచివారా చెడ్డవారా అని నేను వాదించను. ఎంత చెడ్డవాణ్ణయినా సరే, అడక్కుండా, వినకుండా, చట్టంలో లేని అధికారంతో శిక్షించకూడదు. అదొక్కటే వాదిస్తాను." తర్వాత టీచరమ్మ వైపు తిరిగింది. "మీకు ఇంకో సంగతి చెప్పాలి. వాళ్ళకి మీ తలుపు పగలగొట్టాలని లేదు. గీత కూడా పడకుండా తెరిపించుకుంటే, ఇల్లు తెరిచే ఉంది, ఖాళీ చేసి పోయింది అని రాసుకుని కూల్చేసేవాళ్ళు. ఈయన తీయలేదు కాబట్టి గునపం పట్టాల్సి వచ్చింది. ఆ చీలిక చూపిస్తే ఖాళీ ఇల్లంటే ఎవరు నమ్ముతారు? అందుకే ఆ గోడలింకా నిలబడి ఉన్నాయి."

టీచరమ్మ అన్నయ్య వైపు చూడలేదు. కిటికీలోంచి కిందనున్న సైకిళ్ళని చూస్తూ ఉండిపోయింది.

కేసు పడింది. పడితే సరా? మునిసిపాలిటీ తరఫు ప్లీడరుకి ఓసారి జ్వరం. ఓసారి ఫైలు దొరకలేదు. ఓసారి సారు మీటింగులో ఉన్నారు. ప్రతిసారీ వాయిదా. మేం ఉన్న పని మానుకుని, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, కోర్టు వరండాలో పడిగాపులు కాసి, మొహాలు వేలాడేసుకుని తిరిగొచ్చేవాళ్ళం. చట్టం ముందు అందరూ సమానమే అని గోడల మీద రాస్తారు. ఆ ముందుకి చేరడానికి మాకు వానాకాలం మొత్తం పట్టింది. సారు మాత్రం పిలిచిన రోజు జీపులో వచ్చి దిగాడు. ఆ గోడలు రాసేవాడు కనిపిస్తే ఈ సంగతి కూడా కింద చేర్చమని చెప్పాలని ఉంది.

చివరికి జడ్జిగారు విసుక్కుని, అధికారి స్వయంగా రావాల్సిందే అన్నారు. వచ్చాడు. జడ్జిగారికి జలుబు. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ప్రశ్నలు వేశారు.

"ఏ అధికారంతో సీలు వేశారు?"

మునిసిపాలిటీ ప్లీడరు లేచాడు. "ప్రజల భద్రత దృష్ట్యా..."

"అది కారణం. నేనడిగింది అధికారం. ఏ చట్టం, ఏ సెక్షను?"

ప్లీడరు పుస్తకం తిరగేశాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. కోర్టు హాలంతా కాగితాల చప్పుడు.

"సరే, నోటీసు ఇచ్చారా?"

ఈసారి సారే అందుకున్నాడు. "నోటిమాటగా వీధిలో అందరికీ తెలుసండి."

"వీధికి కాదు, ఈయనకి."

సారు గొంతు సవరించుకున్నాడు. "పైనుంచి ఆదేశాలండి."

"పైన ఎవరు?"

సారు తన ప్లీడరు వైపు చూశాడు, ప్లీడరు పుస్తకం వైపు చూశాడు.

"మీ పైన ఉన్నది చట్టం. మీ పైవాళ్ళ మీద ఉన్నదీ అదే, నా మీద ఉన్నదీ అదే. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, రాసుకుంటాను." జడ్జిగారు నిజంగానే కలం పట్టుకుని ఆగారు. సారు నేల చూపులు చూశాడు. నా చేతులు చప్పట్లు కొట్టడానికి దురద పెట్టాయి. వదిన నా మణికట్టు పట్టుకుని ఆపింది.

జడ్జిగారు అన్నయ్యని అడిగారు. "మీరు తాళాల పనివారు కదా. ఆ తాళం మీరు తీయలేరా?"

"తీయగలనండి."

"మరి?"

"నేను వేసింది కాదండి."

ఆయన కాసేపు అన్నయ్యని చూసి, కలం కాగితం మీద పెట్టారు. సీలు చెల్లదు. వేసిన అధికారి మర్నాడు తన చేత్తోనే తీయాలి. ఇంకెవరినీ పంపకూడదు.

మర్నాడు వీధి వీధంతా మా కొట్టు ముందే ఉంది. ఆ రోజు మూసుకున్న కిటికీల వాళ్ళందరూ వచ్చారు. వాళ్ళని చూస్తే నాకు మళ్ళీ మండింది. అయినా నోరు నొక్కుకున్నాను. సారు జీపు దిగి తాళంచెవి అన్నయ్య వైపు చాపాడు. "ఇదిగో, తీసుకో. నీ కొట్టు నువ్వే తీసుకో."

అన్నయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "మీరే తీయాలి సార్."

తాళం కింద, నేల దగ్గర ఉంటుంది. సారు ప్యాంటు పైకి లాక్కుని బురదలో గొంతుక్కూర్చున్నాడు. లక్క గీకాడు. తాళంచెవి పెట్టి తిప్పాడు. తిరగలేదు. వానాకాలమంతా తడిసిన రేకు తాళం, లోపల తుప్పు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఊదాడు, రాయితో తట్టాడు. చెమటలు కారుతున్నాయి. ఊళ్ళో అందరికంటే బాగా తాళాలు తీసే మనిషి జానెడు దూరంలో నిలబడి చూస్తున్నాడు. సాయం పట్టలేదు. నవ్వలేదు కూడా.

"కాస్త నూనె వెయ్యవయ్యా!" అని సారు విసుక్కున్నాడు.

"నూనె లోపల ఉంది సార్" అన్నాడు అన్నయ్య.

ఎవరూ నవ్వలేదు. అంత గుంపులో ఒక్కరు కూడా నవ్వలేదు. సారు మళ్ళీ వంగాడు. చాలాసేపటికి తాళం ఊడింది. వేలు తెగి రక్తం వచ్చింది ఆయనకి. లేచి, చేతిరుమాలు చుట్టుకుని, జీపు వైపు నడిచాడు. తప్పయిందన్న మాట లేదు. మీ పేరు పాడుచేశామన్న మాట లేదు.

"నా తలుపు ఎప్పుడు సార్?" గుంపులోంచి టీచరమ్మ అడిగింది.

ఆయన వినిపించనట్టే జీపెక్కాడు. ఇప్పటికీ అదే కుర్చీలో ఉన్నాడు.

అన్నయ్య తన తాళం తీసి షట్టరు ఎత్తాడు. పనిముట్ల మీద ఎర్రగా తుప్పు పట్టింది. ఆయన ఇంకేమీ ముట్టుకోలేదు. రంపం, సుత్తి, మేకులు మాత్రం తుడిచి సంచీలో వేసుకుని టీచరమ్మ దగ్గరకి వెళ్ళాడు. వానాకాలమంతా ఆ చీలిన చెక్కల్ని తాడుతో కట్టి, వెనక బల్ల అడ్డం పెట్టుకుని పడుకుంటోంది ఆవిడ. మేం ఎన్నిసార్లు చెక్క తెస్తామన్నా, తర్వాత చూద్దామని దాటేసింది.

"రండి టీచరమ్మా, పొద్దుపోయేలోగా బిగించేస్తాను" అన్నాడు.

ఆవిడ సంచీ వైపు చూసింది. తల అడ్డంగా ఊపింది.

"వద్దయ్యా. నువ్వు పగలగొట్టింది కాదు కదా."

"ఒంటరిగా ఉంటారు..."

"ఉంటాను. నా కేసూ వేశాను. పగలగొట్టినవాడే వచ్చి పెట్టాలి. అంతవరకూ ఆ తలుపు మీద చెయ్యి వెయ్యకు."

అన్నయ్య సంచీ పట్టుకుని వీధి మధ్యలో అలాగే నిలబడిపోయాడు. ఏమని కాదంటాడు? నేను ఇంటికెళ్ళి నా పరుపు చుట్టుకుని వచ్చాను. ఆవిడ కేసు తేలేదాకా ఆ తలుపు లేని ఇంట్లో పడుకునేది ఇద్దరం.